కాశీకి బయల్దేరే ముందు ఆ పాత కార్డు సంగతి చూడండి

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను. మా వారు 2006లో కొన్న కెనాన్ పవర్‌షాట్ ఏ620 కెమెరా ఇంట్లో ఉంది. ఆయన పోయి నాలుగేళ్లయింది. ఈ కార్తీకంలో మా చెల్లి, మరిదితో కలిసి కాశీ, గయ, ప్రయాగ వెళ్తున్నాను. మొత్తం 14 రోజులు. ఆయన కెమెరాతోనే ఫొటోలు తీయాలని నా కోరిక. అందులో ఉన్న 2 జీబీ కార్డు నిండిపోయింది. కొత్తగా 32 జీబీ కార్డు కొని పెడితే కెమెరా తీసుకోవడం లేదు, ‘మెమరీ కార్డ్ ఎర్రర్’ అంటోంది. పాత కార్డుని ఫార్మాట్ చేస్తే ఖాళీ అవుతుందని షాపులో చెప్పారు. నా ఫోనులోనూ జాగా లేదు, లాప్‌టాప్ లేదు. మా అబ్బాయి పుణెలో ఉంటాడు. చెల్లి వాళ్లది విజయవాడ సింగ్‌నగర్. 2024లో బుడమేరు ముంచినప్పుడు వాళ్ల పెళ్లి ఆల్బమ్ కూడా నీళ్లలో నానిపోయింది. అప్పటి నుంచి ఫొటోలంటే నాకు టెన్షన్ ఎక్కువైంది. ఏం చేయమంటారు?

— ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో ‘ఫార్మాట్’ అన్న మాట దగ్గర నాకు గుండె ఆగినంత పనైంది. మిగతావన్నీ తీరిగ్గా మాట్లాడుకుందాం. ముందు కెమెరా ఆఫ్ చేసి ఆ 2 జీబీ కార్డుని బయటికి తీయండి. కార్డు పక్క అంచున గోరుతో జరపగలిగే చిన్న మీట ఉంటుంది. దాని పక్కనే ‘లాక్’ అని రాసి బాణం గుర్తు ఉంటుంది. మీటని ఆ బాణం వైపు జరపండి. ఇక ఆ కార్డులోవి పొరపాటున కూడా కెమెరా చెరపలేదు. ఇంత చిన్న పనే కానీ ఈ ఉత్తరంలో ఇంకేమీ చేయకపోయినా ఇది మాత్రం ఈరోజే చేయండి.

ఆ కార్డులో ఏమున్నాయో మీరు రాయలేదు. కానీ 2006 నుంచి మీ వారి చేతిలో ఉన్న కెమెరా, నిండిపోయిన కార్డు అన్నారు. వేరే ఎక్కడా కాపీ ఉన్నట్టు చెప్పలేదు. అంటే ఆయన తీసిన ఫొటోలు, ఆయన్ని మీరు తీసిన ఫొటోలు అందులోనే ఉండి ఉండాలి. షాపతను తప్పు చెప్పలేదు. ఫార్మాట్ చేస్తే కార్డు ఖాళీ అవుతుంది. ఆ ఖాళీ అయ్యేది ఏమిటో అతనికి తెలియదు, అంతే.

కాబట్టి కాశీ టికెట్ల కంటే ముందు ఈ పని. పక్కింట్లో చదువుకునే పిల్లల దగ్గర లాప్‌టాప్ ఉంటుంది. లేదంటే బ్రాడీపేటలో, అరండల్‌పేటలో డీటీపీ, జిరాక్స్ సెంటర్లు బోలెడు. రెండు కొత్త పెన్‌డ్రైవ్‌లు కొనండి. కార్డు లాక్ చేసే ఉంచి, మీరు పక్కన కూర్చుని కాపీ చేయించుకోండి. లాక్ చేసిన కార్డుని చదవడానికి ఏ ఇబ్బందీ ఉండదు. పైగా అక్కడి కంప్యూటర్లలో తిరిగే షార్ట్‌కట్ వైరస్‌లాంటివి కార్డులోకి ఎక్కకుండా చాలా వరకు ఆ లాకే అడ్డుపడుతుంది. కార్డు తెరవగానే ‘డీసీఐఎం’ అనే ఫోల్డర్ కనిపిస్తుంది. దాన్ని మొత్తంగా కాపీ చేయమనండి. దాని లోపల కెనాన్ పేరుతో రెండు మూడు ఫోల్డర్లు ఉండొచ్చు. ఒక్కదాన్నే తీసుకుని సరిపెడితే మిగతావి ఉండిపోతాయి. ‘కట్’ వద్దు, ‘కాపీ’ మాత్రమే. మధ్యలో కరెంటు పోయినా, ఎవరి చెయ్యో తగిలి కార్డు ఊడినా, కాపీ అయితే అసలు ఫొటోలు కార్డులో భద్రంగా ఉంటాయి.

అయిపోయాక లెక్క చూసుకోండి. కెమెరాలో ఫొటోలు చూస్తున్నప్పుడు ఎన్నింటిలో ఎన్నోదో తెర మీద అంకె పడుతుంది. పెన్‌డ్రైవ్‌లోని ఫోల్డర్‌లో ఎన్ని ఫైళ్లున్నాయో కంప్యూటర్ చెబుతుంది. రెండూ దగ్గర దగ్గరగా ఉండాలి. వీడియోల పక్కన చిన్న చిన్న అదనపు ఫైళ్లు ఉంటాయి కాబట్టి పెన్‌డ్రైవ్‌లో అంకె కాస్త ఎక్కువ కనిపించినా కంగారు పడొద్దు. తక్కువ ఉంటే మాత్రం మళ్లీ చూడాలి. మొదట్లో, మధ్యలో, చివర్లో ఓ పది ఫొటోలు పెన్‌డ్రైవ్ నుంచే తెరిచి పెద్దవి చేసి చూడండి. చిన్న బొమ్మ కనిపించి, తెరిస్తే సగం బూడిద రంగులో ఉండే ఫైళ్లు నేను చాలా చూశాను.

ఒక పెన్‌డ్రైవ్ మీ బీరువాలో పెట్టుకోండి. రెండోది పుణెలో అబ్బాయికి పంపండి, లేదా వాడు పండక్కి వచ్చినప్పుడు ఇచ్చేయండి. రెండూ ఒకే ఇంట్లో ఉంటే, మీ చెల్లెలి ఇంట్లో జరిగింది మీకు తెలుసు కదా. 2024 సెప్టెంబర్ మొదటివారంలో సింగ్‌నగర్ వైపు ఇళ్లలో నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. తర్వాత తడిసిన ఆల్బమ్‌లు, వాటిలో ఒకదానికొకటి అతుక్కుపోయిన ఫొటోలు పట్టుకుని మా ఫొటో ల్యాబుకు వచ్చినవాళ్లు ఎందరో. కొన్నింటిని విడదీయగలిగాం, చాలావాటిని విడదీయలేకపోయాం. కాగితం ఫొటోకి ఒక్క కాపీయే ఉండేది. డిజిటల్ ఫొటోకి వేరే ఊళ్లో మరో కాపీ పెట్టుకునే వీలుంది. అది వాడుకోకపోతే పెన్‌డ్రైవ్ కూడా ఆల్బమ్‌ లాగే నీళ్లపాలవుతుంది.

ఇదంతా అయ్యాక కూడా ఆ పాత కార్డుని ఖాళీ చేయకండి. కాశీకీ తీసుకెళ్లకండి. కాగితంలో చుట్టి, పైన తేదీ రాసి ఇంట్లో ఉంచండి. మీకు కావలసిన ఖాళీ వేరేచోట నుంచి తెచ్చుకుందాం.

ఇప్పుడు 32 జీబీ కార్డు గొడవ. కార్డు పాడైంది కాదు, కెమెరా పాడైంది కాదు, మిమ్మల్ని ఎవరూ మోసం చేయలేదు. చూడ్డానికి రెండు కార్డులూ ఒకేలా ఉన్నా లోపలి పద్ధతి వేరు. మొదట వచ్చిన ఎస్‌డీ కార్డులు 2 జీబీ దగ్గర ఆగిపోయాయి. అంతకు మించినవి 2006లో ‘ఎస్‌డీహెచ్‌సీ’ పేరుతో మొదలై 32 జీబీ దాకా వెళ్లాయి. ఆ పైవి ‘ఎస్‌డీఎక్స్‌సీ’. కొత్త కెమెరాలు పాత కార్డుల్ని చదువుతాయి కానీ, పాత కెమెరాకి కొత్త కార్డుల లెక్క తెలియదు. మీ ఏ620 కెమెరా 2005లో బయటికి వచ్చిన మోడల్. అప్పటికి ఎస్‌డీహెచ్‌సీ లేదు. అందువల్ల ఎన్నిసార్లు తీసి పెట్టినా అది ఎర్రర్ అనే అంటుంది. కార్డు మీద ‘హెచ్‌సీ’ అన్న అక్షరాలు కనిపిస్తే మీ కెమెరాకి పనికిరాదని గుర్తు. అయినా ఆ 32 జీబీ కార్డుని తిరిగి ఇచ్చేయకండి. దానికి ఈ ప్రయాణంలో వేరే మంచి పని ఉంది, చెబుతాను.

2 జీబీ కార్డులు ఎక్కడ దొరుకుతాయి? కొత్తవి ఇప్పుడు షాపుల్లో అరుదు. విజయవాడలో గవర్నర్‌పేట, బీసెంట్ రోడ్డు వైపు పాత స్టాకు ఉన్న కెమెరా, మొబైల్ షాపుల్లో అడిగితే ఒక్కోసారి దొరుకుతాయి. కానీ కొనేముందు ఇంట్లో సొరుగులు వెతకండి. పదిహేనేళ్ల కిందట ప్రతి ఇంట్లో బటన్ల ఫోను ఉండేది, ఆ ఫోనులో పాటలు ఎక్కించుకోవడానికి గోరంత మెమరీ కార్డు ఉండేది. అవి ఎక్కువగా 1 జీబీ, 2 జీబీవే. ఆ చిన్న కార్డుని ఎస్‌డీ అడాప్టర్ అనే ప్లాస్టిక్ తొడుగులో పెడితే మామూలు ఎస్‌డీ కార్డు అయిపోతుంది. మీ కెమెరాలోనూ పనిచేసే అవకాశం బాగా ఉంది. మీ ఇల్లు, చెల్లెలి ఇల్లు, మరిది గారి పాత ఫోన్లు వెతికితే రెండు మూడు దొరక్కపోవు. మా ఇంట్లో వెతికితే నాలుగు బయటపడ్డాయి. వాటిలో ఒకదానిలో మా నాన్నగారి గొంతు రికార్డింగ్ ఉంది. అందుకే, దొరికిన కార్డులో ఏముందో ఫోనులో చూసుకుని, కావలసినవి తీసిపెట్టుకున్నాకే ఫార్మాట్ చేయాలి.

ఆ ఫార్మాట్ కూడా కంప్యూటర్లోనో ఫోనులోనో కాదు, మీ కెమెరాలోనే, దాని మెనూ నుంచే చేయండి. ఏ కెమెరాలో వాడతామో అందులో చేసిన ఫార్మాటే దానికి నప్పుతుంది. తర్వాత ఆ కార్డుతో ఇంట్లో ఓ ముప్పై ఫొటోలు తీసి, మళ్లీ చూసి, అన్నీ సరిగ్గా వస్తున్నాయని తేలాకే ప్రయాణానికి పెట్టుకోవాలి. పాటల కార్డుల్లో నకిలీవి కూడా ఉండేవి. పైన 2 జీబీ అని ఉంటుంది, లోపల అంత ఉండదు. ఇంట్లోనే ఒకసారి కార్డు నిండేదాకా తీసి చూస్తే ఆ సంగతి తేలిపోతుంది. సెల్స్ తప్ప ఖర్చేమీ లేదు.

ఇక ఎన్ని కార్డులు కావాలి? ఇక్కడే మీకు ఒక శుభవార్త. మీ కెమెరా 7 మెగాపిక్సెళ్లది. పెద్ద సైజు, సూపర్‌ఫైన్ నాణ్యతలో ఒక్కో ఫొటో సుమారు 3 ఎంబీ. అంటే 2 జీబీ కార్డులో 600 ఫొటోల పైమాటే. ‘ఫైన్’ పెట్టుకుంటే ఒక్కోటి 2 ఎంబీ లోపే, వెయ్యి దాకా పడతాయి. మీరు రోజుకు 60 తీసినా 14 రోజులకు 840. కార్తీక పౌర్ణమి నాడు కాశీలో దేవ దీపావళి. ఘాట్లన్నీ దీపాలతో వెలుగుతుంటే ఆ ఒక్క రాత్రే 200 తీస్తారు. మొత్తం కలిపితే వెయ్యి చిల్లర, మహా అయితే 3 జీబీ. ఇప్పటి పెద్ద కెమెరాలు పట్టుకెళ్లేవాళ్లకు ఇది ఒక్క పూట లెక్క. మీ కెమెరా పాతదవడం ఇక్కడ మీకు కలిసొచ్చింది.

అందుచేత మూడు 2 జీబీ కార్డులుంటే చాలు. ప్రయాణంలో ఒక్క ఫొటో చెరపాల్సిన అవసరం గానీ, ఒక్క కార్డు ఫార్మాట్ చేయాల్సిన అవసరం గానీ రాదు. నేను మీకు గట్టిగా చెప్పేది ఇదే. దారిలో ఏ కార్డునీ ఖాళీ చేయకండి. ఫొటోలు పోగొట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది కార్డు పాడై పోగొట్టుకోలేదు. రాత్రి పదకొండింటికి, సత్రం గదిలో, అలసిపోయి, “ఇవి కాపీ అయిపోయాయిలే” అనుకుని చెరిపేసి పోగొట్టుకున్నారు.

ఒక్క జాగ్రత్త. ఆ కెమెరాతో వీడియో తీయకండి. ఆనాటి పద్ధతిలో వీడియో బాగా బరువు, నిమిషానికి 100 ఎంబీకి పైగా తినేస్తుంది. హారతి వీడియో పది నిమిషాలు తీస్తే సగం కార్డు పోయినట్టే. వీడియోలు చెల్లిని ఫోనులో తీయమనండి.

బయల్దేరే ముందు కెమెరా మెనూలో రెండు సంగతులు చూసుకోవాలి. ఒకటి తేదీ. చాలాకాలం సెల్స్ లేకుండా పడున్న కెమెరా తేదీ మరిచిపోతుంది. అలాగే తీస్తే కాశీ ఫొటోలు ఎప్పటివో పాత సంవత్సరానివిగా నమోదవుతాయి. తర్వాత అబ్బాయి కంప్యూటర్లో పెడితే మీ వారి ఫొటోల మధ్యలో కలిసిపోయి కనిపిస్తాయి. రెండోది ఫైల్ నంబరింగ్. అది ‘కంటిన్యూయస్’గా ఉండాలి. కార్డు మార్చినప్పుడల్లా అంకె మళ్లీ ఒకటి నుంచి మొదలయ్యే పద్ధతిలో ఉంటే, రెండు కార్డుల్లోనూ ఒకే పేరుతో ఫొటోలు తయారవుతాయి.

పేర్లు ఒకటైతే ఏమవుతుందో నాకు అనుభవం. 2010లో అమ్మని పాపికొండలు తీసుకెళ్లాను. లాంచీ మీద రెండు కార్డులు నిండాయి. ఇంటికొచ్చాక మొదటి కార్డు కాపీ చేసి ఖాళీ చేశాను. రెండోది కూడా అదే ఫోల్డర్‌లోకి కాపీ చేస్తుంటే “అదే పేరుతో ఫైల్ ఉంది, మార్చమంటారా” అని కంప్యూటర్ అడిగింది. అన్నిటికీ ఒకేసారి సరే అన్నాను. మొదటి కార్డు ఫొటోల మీద రెండో కార్డు ఫొటోలు వచ్చి కూర్చున్నాయి. పేరంటాలపల్లి రేవులో అమ్మ నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న ఫొటోలు అలా పోయాయి. ఆమె మళ్లీ అటు వెళ్లలేదు. అప్పటి నుంచి నేను ప్రతి కార్డుకీ ప్రతి రోజుకీ వేరే ఫోల్డర్ పెడతాను. ఎవరడిగినా అదే చెబుతాను.

ఇప్పుడు కాశీలో మీ రాత్రి పని. మనవాళ్ల పద్ధతిలో తొమ్మిది నిద్రలు అక్కడే చేస్తారనుకుంటాను. కాబట్టి ఒకచోట స్థిరంగా ఉండి రోజూ చేసుకోవచ్చు. కావలసింది ఒక ఓటీజీ కార్డ్ రీడర్, అంటే మెమరీ కార్డుని ఫోనుకి తగిలించే చిన్న పరికరం. కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. మీ ఫోను చార్జింగ్ రంధ్రం ఎలాంటిదో చూపించి దానికి సరిపడేది తీసుకోండి. ఎస్‌డీ కార్డు నేరుగా పెట్టుకునే గాడి ఉన్నదే కొనండి. షాపులోనే మీ ఫోనుకి తగిలించి, కార్డు పెట్టి, ఫొటో తెరిచి చూశాకే డబ్బులివ్వండి. ఒప్పో, వివో, రియల్‌మీ లాంటి కొన్ని ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ‘ఓటీజీ’ ఆన్ చేయాలి. కాసేపు వాడకపోతే అది దానంతటదే ఆగిపోతుంది. రీడర్ పాడైందని చాలామంది పారేస్తారు, తీరా చూస్తే ఇదే కారణం.

రాత్రి గదికి రాగానే కెమెరాలోంచి కార్డు తీసి, లాక్ చేసి, రీడర్‌లో పెట్టి ఫోనుకి తగిలించండి. ఫోనులోని ‘ఫైల్స్’ యాప్ తెరిస్తే కార్డు కనిపిస్తుంది. ఫోనులో ‘కాశీ 1వ రోజు’, ‘కాశీ 2వ రోజు’ అని ఫోల్డర్లు చేసుకుని ఆ రోజు ఫొటోలు కాపీ చేయండి. తర్వాత ఆ కెమెరా కార్డు తీసి, మీ 32 జీబీ కార్డుని రీడర్‌లో పెట్టి, ఫోను నుంచి అదే ఫోల్డర్‌ని దానిలోకి కాపీ చేయండి. కెమెరా వద్దన్న కార్డు ఇక్కడ మీకు గాదె. మీ 14 రోజుల ఫొటోలు తొమ్మిదిసార్లు పెట్టినా ఇంకా చోటుంటుంది. రోజూ పావుగంట పని. పొద్దున కెమెరాలో పెట్టేముందు కార్డు లాక్ మళ్లీ తీయడం మరిచిపోవద్దు. మరిచిపోయినా నష్టం లేదు, కెమెరాయే గుర్తుచేస్తుంది.

ఒక్క హెచ్చరిక. కార్డు తగిలించగానే ఫోను కొన్నిసార్లు “ఈ కార్డు సరిగా లేదు, సెటప్ చేయాలా, ఫార్మాట్ చేయాలా” అని అడుగుతుంది. ఏదీ నొక్కకండి. వెనక్కి వచ్చి, కార్డు తీసి మళ్లీ పెట్టండి. అప్పటికీ అలాగే అంటే ఆ కార్డుని పక్కనపెట్టి మరో కార్డుతో ఫొటోలు తీసుకోండి. దాని సంగతి ఊరొచ్చాక చూసుకోవచ్చు.

ఫోనులో చోటు లేదన్నారు. రోజుకు 200 ఎంబీ కావాలి, అంతే. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘స్టోరేజ్ అండ్ డేటా’, అందులో ‘మేనేజ్ స్టోరేజ్’ తెరవండి. 5 ఎంబీ కంటే పెద్ద ఫైళ్లన్నీ ఒకచోట చూపిస్తుంది. మనందరి ఫోన్లలోనూ పొద్దున్నే వచ్చే శుభోదయాల వీడియోలు, ఒకటే వీడియో పది గ్రూపుల్లో వచ్చినవి అక్కడే పోగుపడి ఉంటాయి. అవి తీసేస్తే 3, 4 జీబీలు సులువుగా తేలతాయి. మీ సొంత ఫొటోలు అందులో కలిసి ఉంటాయేమో చూసుకుంటూ తీయండి. ఈ పని అబ్బాయితో వీడియో కాల్‌లో కూర్చుని చేసుకుంటే ఇంకా మంచిది.

వాట్సాప్ అనుకున్నాం కాబట్టి ఇది కూడా. చాలామంది ఫొటోలు అబ్బాయికి వాట్సాప్‌లో పంపేశాం కదా, భద్రంగా ఉన్నట్టే అనుకుంటారు. మామూలుగా పంపితే అది ఫొటోని బాగా కుదించి పంపుతుంది. ఫోనులో చూడ్డానికి బాగుంటుంది, పెద్దగా ప్రింటు తీస్తే తేడా తెలుస్తుంది. రోజూ ఓ అయిదారు మంచివి పంపాలనుకుంటే ఫొటోగా కాకుండా ‘డాక్యుమెంట్’గా జతచేసి పంపండి, అసలు ఫైలే వెళ్తుంది. అన్నీ పంపడానికి మాత్రం దాన్ని నమ్ముకోవద్దు.

గూగుల్ ఫొటోస్ మంచిదే. అయితే 2021 జూన్ నుంచి ఉచితం 15 జీబీ వరకే, అందులోనే మీ జీమెయిల్ కూడా ఉంటుంది. అది నిండితే మెయిళ్లు రావడం ఆగిపోతాయి. మీ ప్రయాణానికి 3 జీబీ చాలు కాబట్టి ఖాళీ ఉంటే సరిపోతుంది. గదిలో వైఫై బాగుంటే రాత్రి చార్జింగ్‌లో పెట్టి ఎక్కనివ్వండి. రోజుకు ఒకటిన్నర జీబీ డేటా ప్యాక్ ఉన్నా 70 ఫొటోలకు 200 ఎంబీ పెద్ద లెక్క కాదు. కానీ పౌర్ణమి రాత్రి ఘాట్లలో అంత జనంలో సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి. ఎక్కితే మంచిది, ఎక్కకపోతే కార్డులున్నాయి.

ఎక్కడ పెట్టుకోవాలి అన్నది ఎన్ని కాపీలు అన్నంత ముఖ్యం. నిండిన కార్డులు మీ చేతిసంచిలో, 32 జీబీ కార్డు చెల్లెలి సంచిలో. రాత్రి కాపీ అవగానే ఆమెకి ఇచ్చేయండి. రైల్లో ఒక సంచి పోయినా రెండోది ఉంటుంది. విశ్వనాథుడి గుళ్లోకి ఫోన్లు, కెమెరాలు తీసుకెళ్లనివ్వరు. బయట లాకర్లలో పెట్టి వెళ్లాలి. ఆ పూట కెమెరాతో పాటు కార్డులన్నీ ఒకే లాకర్‌లో పెట్టేయకండి. దర్శనానికి వెళ్లేరోజు కెమెరాని గదిలోనే వదిలేసి వెళ్లడం అన్నిటికంటే నయం. కార్డులకు మందుబిళ్లల చిన్న ప్లాస్టిక్ డబ్బా చక్కగా సరిపోతుంది. కొత్తవి ఒక అరలో, నిండినవి ఒక అరలో. పడవ ఎక్కేటప్పుడు ఆ డబ్బాని జిప్ కవర్లో పెట్టుకోండి. పడవలో కార్డు మార్చొద్దు. గోరంత కార్డు గంగలో పడితే ఎవరూ తీయలేరు.

సెల్స్ గురించి రెండు మాటలు. మీ కెమెరాకి నాలుగు పెన్సిల్ సెల్స్ కావాలి. మామూలు సెల్స్ వేస్తే తొందరగా దిగిపోతాయి. కార్డు మీద ఫొటో రాస్తున్న క్షణంలో కరెంటు ఆగిపోతే ఆ ఒక్క ఫొటోయే కాదు, కార్డు లెక్కంతా చెడిపోయే ప్రమాదం ఉంది. చార్జింగ్ చేసుకునే ‘ఎన్‌ఐఎంహెచ్’ సెల్స్ రెండు సెట్లు, అంటే ఎనిమిది, ఒక చార్జర్ కొనండి. బ్యాటరీ గుర్తు మెరవగానే మార్చేయండి. కెమెరా దీపం మినుకుతున్నంతసేపూ కార్డు మూత తెరవకండి. చాలాకాలంగా పాత సెల్స్ లోపలే ఉండిపోయి ఉంటే ముందు అవి కారి తెల్లటి పొడి పట్టిందేమో చూసుకోండి. పట్టి ఉంటే రిపేరు తెలిసినవాళ్లకు చూపించి తుడిపించాలి.

ఇంత చేసినా ఏదో ఒక రోజు పొరపాటున ఏదైనా చెరిగిపోతే ఏడవకండి, ఇంకో ఫొటో కూడా తీయకండి. చెరిపినప్పుడు కార్డులో ఫొటో వెంటనే పోదు. దాని చోటు ఖాళీ అని రాసుకుంటుంది, అంతే. కొత్త ఫొటో ఆ చోట కూర్చున్నప్పుడే పాతది నిజంగా పోతుంది. అందుకే ఆ కార్డు వెంటనే తీసి, లాక్ చేసి, పక్కన పెట్టి ఇంటికి తీసుకురండి. ‘ఫొటోరెక్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అబ్బాయి దానితో చాలావాటిని వెనక్కి తీయగలడు. ఒకవేళ ఎప్పుడైనా కెమెరాలో ఫార్మాట్ చేయాల్సి వస్తే, ఆ తెర మీద ‘లో లెవెల్’ అని గడి కనిపిస్తే మాత్రం టిక్ పెట్టకండి. దాని తర్వాత వెనక్కి తీయడం కుదరదు.

తిరిగొచ్చాక వెంటనే చేసే పని ఒకటుంది. 32 జీబీ కార్డులోవి, ఆ మూడు కార్డుల్లోవి కలిపి అబ్బాయి దగ్గరకు ఒక కాపీ, మీ పెన్‌డ్రైవ్‌లోకి ఒక కాపీ వెళ్లాలి. చెల్లెలికి ఇంకో పెన్‌డ్రైవ్ ఇవ్వండి, పై అరలో పెట్టుకోమనండి. ఆ మూడూ తెరిచి చూశాకే కార్డులు ఖాళీ చేసుకోవచ్చు. పెన్‌డ్రైవ్‌లు, కార్డులు ఏళ్ల తరబడి అలాగే పడేసి ఉంచకూడదు. ఏడాదికోసారి, సంక్రాంతికి అబ్బాయి వచ్చినప్పుడు అనుకోండి, తెరిచి చూసి కొత్తదానిలోకి మార్చుకోవాలి. మన గుంటూరు ఎండలకి కిటికీ పక్క సొరుగులో, కారు డ్యాష్‌బోర్డులో అసలు పెట్టొద్దు.

ఫొటోలు ప్రింటు తీయించుకోండి. 7 మెగాపిక్సెళ్లు తక్కువేమో అని మీకు ఎవరైనా అనొచ్చు. మీ కెమెరా ఫొటో 3072 పిక్సెళ్ల పొడవు, 2304 పిక్సెళ్ల వెడల్పు. మంచి నాణ్యతలో 10 అంగుళాల పొడవు ప్రింటుకి అది పూర్తిగా చాలుతుంది. మా ల్యాబులో ఆ తరం కెమెరాలతో తీసినవి పెళ్లిళ్ల ఆల్బమ్‌లలో వేశాం, ఇప్పటికీ బాగున్నాయి. పౌర్ణమి దీపాలు తీసేటప్పుడు కెమెరాని ఘాటు మెట్టు మీదో గోడ మీదో ఆనించి తీయండి, ఫ్లాష్ ఆపేయండి.

ఇంకొక్క మాట. ఆ పాత కార్డులోవి కాపీ చేయించేటప్పుడు మీ చెల్లిని, మరిదిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. 2006 నుంచి తీసినవి కాబట్టి వాళ్ల ఇంట్లో శుభకార్యాలు, పండగలు అందులో ఉంటాయి. వాళ్ల పెళ్లి ఆల్బమ్‌ని ఎప్పుడైనా మీ వారు ఈ కెమెరాతో ఫొటో తీసి పెట్టుకున్నారేమో కూడా చూడండి. ఆ రోజుల్లో చాలామంది అలా తీసుకునేవారు. ఒక్క పేజీ దొరికినా నాకు రాయండి.